ప్రెజెంటబుల్ ముఖం కావాలట

ఉత్తరాదికి వచ్చి, సాకేత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. హిందీ బాగానే వచ్చని నా ధీమా. ఆ ధీమాయే నన్ను నిలువునా ముంచింది.

విదేశీ రోగుల కోసం కొత్త వార్డు తెరుస్తూ, దానికి ఇన్‌ఛార్జ్ కావాలన్నారు. ఐసీయూలో నాకన్నా అనుభవం ఉన్న నర్సు లేదు. వెంటిలేటర్ మోగే తీరు విని, తేడా ఎక్కడుందో చెప్పేస్తాను. గొప్పలు కాదు, డాక్టర్లే అంటారు. ఇంటర్వ్యూ అయ్యాక నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం నా భుజం తట్టి, "దీదీ, ఆప్ తో హమారీ రీఢ్ హై" అంది. మీరు మా 'లీడ్' అన్నట్టు నాకు వినిపించింది. ఇంకేముంది, పోస్టు నాదే అనుకున్నాను. ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించాను. మా కాకినాడ వైపు ఆంటీలంతా చేతులు పట్టుకుని ఎంత సంతోషించారో.

సోమవారం నోటీసు బోర్డు మీద వేరే అమ్మాయి పేరుంది. రెండేళ్ల క్రితం చేరిన పిల్ల. నరం దొరక్క ఏడుస్తుంటే పక్కన నిలబడి సూది గుచ్చడం నేర్పింది నేనే. తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. అందులో ఆ పిల్ల తప్పేముంది? పాపం, నన్ను చూసి తల దించుకుంది.

తిన్నగా మేడం దగ్గరికి వెళ్లి, మీరే కదా నన్ను లీడ్ అన్నారని అడిగాను. ఆవిడకు ముందు అర్థం కాలేదు. అయ్యాక పగలబడి నవ్వింది. కుర్చీలో పక్కకు తిరిగి తన వీపు తట్టి చూపించింది. రీఢ్ అంటే వెన్నెముకట. నా ఒళ్లు మండిపోయింది. వెన్నెముక ఎక్కడుంటుంది? వెనక, చర్మం కింద, ఎవరికీ కనబడకుండా. కొత్త వార్డుకు 'ప్రెజెంటబుల్' ముఖం కావాలని, లిఫ్టు దిగగానే పేషెంటు చూసేది ఆ ముఖమేనని నచ్చజెప్పింది. ఊపిరి ఆగినప్పుడు ఎవరి ముఖం చూస్తాడని అడగాలనుకున్నాను. కోపంలో హిందీ మాటలు నోటికి రాలేదు. పైగా ఆ అమ్మాయికి పని నేర్పే బాధ్యత కూడా నాదేనట.

నల్లగా ఉంటే ఏమ్మా, చదువుంటే చాలని చిన్నప్పటి నుంచీ మా అమ్మా, టీచర్లూ, పాస్టరుగారూ చెప్పారు. నమ్మాను. స్కూల్లో ఫస్టు, నర్సింగులో ఫస్టు. వాళ్లందరి మీదా ఇప్పుడు కోపం వస్తోంది. చదువుకు ఉద్యోగమైతే వచ్చింది, అక్కడితో సరి.

మర్నాడు ఒక కాగితం రాసి పట్టుకెళ్లాను. నన్నెందుకు తీసుకోలేదో కారణం రాసివ్వండి అని, అంతే. ఆవిడ చదివి, నవ్వుతూ "ఇత్నా గుస్సా మత్ కీజియే దీదీ, చెహ్రా ఔర్ బిగడ్ జాతా హై" అంది. కోపపడితే ముఖం ఇంకా పాడవుతుందట.

కాగితాన్ని నా వైపు తోసింది. నేను మళ్లీ ఆవిడ ముందుకే జరిపాను.

"యహీ లిఖ్ దీజియే, మేడం." ఇప్పుడన్న మాటే రాసివ్వమన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. పెన్ను చేతిలోనే ఉంది. రాయలేదు.