నడక కూడా ఆటేనా?

నా లెక్కలో ఆట అంటే కబడ్డీ. ఒంటికి మట్టి అంటాలి, ఊపిరి బిగబట్టాలి, అవతలివాడు కాలు పట్టుకుని లాగాలి. కుర్రతనంలో కొడకండ్ల దాకా పోయి ఆడి, పన్ను ఒకటి అక్కడే వదిలేసి వచ్చినవాణ్ణి. అందుకే మొన్నటి ఒలింపిక్స్ టీవీలో చూసినన్నాళ్లూ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. గంతులేసేది గుర్రం, పతకం మాత్రం పైన కూర్చున్న మనిషికి. ఒకడు నేల మీద పడి గిరగిరా తిరుగుతుంటే అదీ ఆటేనట. మా కబడ్డీకి మాత్రం అక్కడ చోటు లేదు. ఇదెక్కడి న్యాయమని గూడూరులో నా హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను. మేకులు కొనడానికి వచ్చినవాడు పాపం ఏం చెబుతాడు?

మా అమ్మ నాకంటే నయం. ఆమెకు ఏ ఆటా ఆట కాదు. మంచం మీద కాళ్లు చాపుకుని అన్నిటినీ ఒకే చూపుతో చూసేది. ఒకరోజు టీవీలో నడక పందెం వచ్చింది. మనుషులు నడుము తిప్పుకుంటూ, మోచేతులు ఊపుకుంటూ బిరబిరా పోతున్నారు.

"ఏందిరా వీళ్లకు? గంత తొందరుంటే ఉరుకొచ్చు గదా!" అంది అమ్మ.

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"ఉరుకుతే తీసేస్తరు నాయనమ్మా. ఒక కాలు ఎప్పుడు నేల మీదనే ఉండాలె. రెండు లేసినట్టు కనవడితే ఔట్" అని చెప్పి, "నేను గూడ గదే నేర్సుకుంటున్న" అంది.

మా నవ్వు ఆగింది. బళ్లో ఆటల సారు పిల్ల నడక చూసి, రోజూ పొద్దున్నే మైదానంలో నేర్పుతున్నాడట. జిల్లా పోటీలో గెలిచింది కూడా. మాకు మాత్రం పరుగు పందెమని చెప్పింది. ఇప్పుడు హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలున్నాయి, ఇంట్లో ఒప్పుకుంటేనే తీసుకుపోతారు.

"కబడ్డీ అయితే నేనే బస్సెక్కిస్తును" అన్నాను.

అమ్మ ఆ మాత్రం ఆశ కూడా మిగల్చలేదు. "ఎదిగిన పొల్ల నడుము తిప్పుకుంట రోడ్డెంబడి పోతే నలుగురు నవ్వరా? పోవుడు లేదు, గీవుడు లేదు."

మా ఇంట్లో అమ్మ మాటకు అప్పీలు లేదు. నా భార్య నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను. అమ్మాయి ఏడవలేదు, అలగలేదు. అన్నం తిని, కంచం కడిగి పెట్టి పోయి పడుకుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

ఆ శ్రావణంలోనే పోచమ్మ బోనాలొచ్చాయి. ఈసారి బోనం తానే ఎత్తుకుంటానంది అమ్మాయి. తల మీద నైవేద్యం కుండ, చుట్టూ వేపాకు, పైన దీపం. మా దగ్గర డప్పులు ముందు నడుస్తాయి, బోనాలు వెనక. డప్పు ఎంత నిదానిస్తే బోనమూ అంత నిదానించాలి. ఈ లెక్కన గుడి చేరేసరికి నైవేద్యం చల్లారిపోతుంది. మా పిల్ల కాసేపు బుద్ధిగా డప్పుల వెనకే నడిచింది. ఆ తర్వాత కాళ్లు అలవాటైన దారి పట్టాయి. ఒక చెయ్యి కుండ మీద, రెండోది ఊపుతూ, నడుము తిప్పుతూ డప్పులవాళ్లను దాటేసింది. "ఓ పొల్లా, ఆగు!" అని వాళ్ల పెద్ద అరిచాడు గానీ, ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? ఇక పిల్లను అందుకోవడానికి డప్పులవాళ్లు ఉరికారు. వాళ్ల వెనక మిగతా బోనాలు, వాటి వెనక ఊరూ ఉరికింది. మేం గుడి చేరేసరికి మా పిల్ల మెట్ల దగ్గర బోనంతో నిలబడి ఉంది. నాకైతే ఊపిరి బిగబట్టడం సంగతి దేవుడెరుగు, పీల్చడమే గగనమైంది.

డప్పుల పెద్ద చెమట తుడుచుకుంటూ, అందరికంటే ముందే వచ్చి గుడి అరుగు మీద కూర్చున్న మా అమ్మ మీదికొచ్చాడు. "ఏందవ్వా గిది? పోచమ్మ ముంగట గీ ఉరుకుడేంది?"

వెనక ఎవరో పిల్ల నడకను వెక్కిరిస్తూ నడుము తిప్పి చూపించారు. జనం గొల్లున నవ్వారు. నెత్తిన కుండ ఉంది కాబట్టి పిల్ల తల దించుకోలేకపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అమ్మ బోనం మీది దీపం వైపు చూసింది. అది నిక్షేపంగా వెలుగుతోంది.

"ఎవడన్నడు అది ఉరికిందని? ఉరికినోళ్లు మీరు. దానిది ఒక కాలు నేల మీదనే ఉన్నది, నేను చూసిన. ఉరుకుతే దీపం ఉంటదా? దీపం ఆరకుంట గంత జోరు నడిచెటోళ్లు మీల ఎవరన్న ఉంటే రాండ్రి, చూద్దాం!"

డప్పుల పెద్ద గొణుక్కుంటూ డప్పు కాచుకోవడానికి మంట దగ్గరికి పోయాడు.

మొక్కు చెల్లించి ఇంటికి బయల్దేరాం. దారిలో అమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

"నేను గూడ గిట్లనే నడుద్దునురా" అంది నాతో. "మొగుళ్లపల్లిల, మా తల్లిగారింట్ల ఉన్నప్పుడు నన్ను అందుకునెటోళ్లు లేకుండె. పెండ్లయి ఈడికొచ్చినంక మీ నాయనమ్మ, ఆడిది గంత జోరు నడుస్తదా, నలుగురు నవ్వరా అన్నది. గప్పటి సంది మెల్లగనే నడుస్తున్న."

ఇన్నేళ్లలో అమ్మ వేగంగా నడవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇయ్యాల్నే సారుకు ఫోన్ చెయ్యి. మా పొల్ల వస్తదని చెప్పు" అంది.

తర్వాత మనవరాలి చెయ్యి వదిలేసింది.

"మా కోసం ఆగకు బిడ్డా. నువ్వు నడువు."