మరిడమ్మ తల్లికి దొరగారి ద్రాక్షసారా

మొన్న సామర్లకోటలో రైలు దిగి వస్తుంటే ఒక కొట్టు అద్దం వెనక ఎర్రటి సీసా కనిపించింది. చూడగానే నా గుండె రైలింజనుకన్నా గట్టిగా కూత వేసింది. వంటలో పోసే ద్రాక్షసారా! వెంటనే కొని, పసిబిడ్డలా చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

దొరల కాలంలో, ధవళేశ్వరంలో కాలవల పని చూసే దొరగారి బంగళాలో నేను వంటవాడిగా కుదిరిన కొత్తలో సంగతి ఇది. దొరసానిగారు జ్వరంపడి లేచి, గట్టిగా గాలి వీస్తే గోదావరి అవతల తేలేంతగా చిక్కిపోయి, ముద్ద ముట్టడం మానేశారు. చేపను ద్రాక్షసారాలో ఉడికిస్తే మత్తంతా ఆవిరైపోయి సత్తువే మిగులుతుందని డాక్టరుదొర చెప్పగా, మద్రాసునుంచి పడవమీద ఒకే ఒక్క సీసా దిగింది. ఈ పూట కూడా పళ్లెం నిండుగా తిరిగొస్తే రేపు వేరే వంటవాడొస్తాడని దొరగారు తేల్చేశారు. కొత్తగా పెళ్లయినవాణ్ణి, ఉద్యోగం పోతే అత్తారింటి గడప ఎలా తొక్కను?

బంగళాకు చేపలు తెచ్చేది మా అత్తగారే. ఆవిడకు నా గోడు చెప్పుకుని, చేప కడిగి వచ్చేసరికి సీసా ఖాళీ, పెరట్లో మట్టి ఎర్రన, అత్తగారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

“ఎంత పని చేశారండీ అత్తగారూ!”

“మీ ఉద్యోగం నిలబడాలని మరిడమ్మకి సాక పోశానండి. అంత మంచి సరుకు తల్లికివ్వకుండా ముందు మనుషులకా?”

“చుక్కైనా మిగల్చలేదేంటండీ?”

“అమ్మవారికి కొలిచి కొలిచి పోస్తారేంటండీ అల్లుడుగారూ!”

నేను ఖాళీ సీసా బోర్లించి చూస్తుంటే, ఆవిడ తనకోసం తెచ్చుకున్న సొరబుర్రలోని తాటికల్లు చేపమీద ఒంపేసి, వాసన పోయేదాకా మరిగించి, రంగుకి పాత బెల్లం వేశారు. వాళ్లింట్లో చేప వండేది అలాగేనట. ఆ రాత్రి తిరిగొచ్చిన పళ్లెం పిల్లి నాకినా అంత శుభ్రంగా ఉండదు! దొరగారు ఉప్పొంగిపోయి, డాక్టరును పొగిడి, పెట్టెలకు పెట్టెలు ద్రాక్షసారా తెప్పించారు. వచ్చిన ప్రతి సీసా పెరట్లోకీ, అత్తగారి సొరబుర్ర వంటింట్లోకీ. చూస్తుండగానే దొరసానిగారు గుర్రబ్బండి మూలిగేంతగా కోలుకున్నారు. ఆ సారా తాగి పెరట్లో మిరపమొక్కలు తూలేవంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మొన్న ఆ సీసాతో, ఇన్నేళ్లకు, డాక్టరు చెప్పినట్టే చేప వండాను. నోట పెడితే వగరుగా, పుల్లగా, జ్వరంవాడి కషాయంలా ఉంది. పాపం, మరిడమ్మ తల్లి అన్నాళ్లు ఎలా తాగిందో!

దొరలు వెళ్లిపోయారు, ఆ బంగళా గబ్బిలాల పాలైంది, అత్తగారు కాలం చేశారు. సీసాలో మిగిలింది పెరట్లోకి తీసుకెళ్లి, మరిడమ్మ పేరు తలుచుకుని పోశాను. ఏమని మొక్కుకోవాలో మాత్రం తోచలేదు. నిలబెట్టుకోవలసిన ఉద్యోగమూ లేదు, కొలిచి పోస్తారేంటండీ అని గదమాయించే మనిషీ లేదు.