పన్నెండు క్వార్టర్లకు వేసిన వెల్ల

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా పెరట్లో పిల్లి ఈనితే, నేను వీధి చివరికి వెళ్ళేసరికి అది పులి అయిపోతుంది. కాబట్టి తరుగు తీసి చదువుకోండి.

అరవైల చివర విజయనగరంలో మునిసిపాలిటీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేను పన్నుల గుమాస్తాని. చిరుద్యోగుల కోసం దొరల కాలంలో కట్టిన పన్నెండు పెంకుటిళ్ళ వరస అది. వీధిలో వాన వెలిసినా మా ఇళ్ళలో మరో రెండు రోజులు కురిసేది. నేను గోడకు మేకు కొడితే పక్కింటాయన తన వైపు మొనకి చొక్కా తగిలించుకునేవాడు.

చివరి ఇంటావిడని అందరం అప్ప అనేవాళ్ళం. కుళాయిల పని చూసే భర్త పోయాక, ఖాళీ చేయమనడానికి ఎవరికీ నోరు రాక ఆవిణ్ణి అక్కడే ఉండనిచ్చారు. ఆ ఇంటి పక్కగోడ నిలువునా నెర్ర విచ్చింది. అది బాగుచేయిస్తే అప్ప ఉంటుంది. లేదంటే ఇల్లు పనికిరాదని తాళం వేస్తారు, ఆవిడ కోటబొమ్మాళిలో తమ్ముడి పంచన చేరాలి. ఆ మరదలి నోటికి జడిసి అటు పోయే రైళ్ళు కూడా కూత వేసేవి కావట.

అర్జీ నేనే రాశాను. వాన పడితే వంటింట్లో చేపలు పట్టుకుంటున్నామని కూడా రాశాను. ఎన్నో అర్జీల తర్వాత, మరమ్మతులకు డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఓవర్సీరు వస్తున్నాడని కబురొచ్చింది.

"ఏటిరా తమ్ముడూ, పెద్దమడిసి వస్తంటే ఈ బొక్కల కొంప సూపిత్తామేటి? పరువు పోదేటి?" అంది అప్ప.

"ఆ బొక్కలు సూడ్డానికే కదప్పా వస్తన్నాడు!" అన్నాను.

"సూత్తే సూత్తాడు. ముందు కడిగిన మొకంతో సూడనీ."

ఎదురింటి మావ అందుకున్నాడు. "ఒరే, నీ పెళ్ళిసూపులకి సిరిగిన సొక్కా ఏసుకుని ఎళ్ళావేటిరా?"

నేను వెళ్ళింది అరువు చొక్కాతో.

అంతే, వెల్ల మొదలైంది. ఊళ్ళో సున్నమంతా మేమే కొనేస్తే ఆ వారం తాంబూలాలకి కూడా దొరకలేదు. వద్దన్నవాణ్ణి నేనే, కానీ కుంచె పట్టాక నాకూ పూనకం వచ్చింది. అప్ప ఇంటి నెర్రలో బంకమట్టి కూరి, పైన మూడు పూతలు పూశాను. మర్నాడు నా నెర్ర నాకే కనబడలేదు.

ఓవర్సీరు వచ్చేసరికి గుమ్మం గుమ్మానికీ ముగ్గులు. అప్ప పళ్ళెం నిండా బెల్లం గవ్వలు పెట్టింది. ఆయన తింటూ నా అర్జీ తీశాడు.

"చేపలన్నారు, ఎక్కడండీ?"

అప్ప ఇంకో గవ్వ ఆయన చేతిలో పెట్టింది. ఆయన పన్నెండిళ్ళూ తిరిగాడు, గోడలు తట్టాడు, పెన్ను తీశాడు. మంచివాడే పాపం. "ఏమైనా ఇబ్బందులుంటే ఇప్పుడే చెప్పండి, రాస్తాను" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. అప్ప కూడా. ఇంటికొచ్చిన మనిషి, నోట్లో మా గవ్వ, ఎదురుగా నా చేత్తో వేసిన తెల్లటి గోడ. "ఎలా ఉన్నారు" అని అడిగినవాళ్ళకి మా వైపు ఎవరైనా ఏం చెబుతారో అదే నా నోట వచ్చింది.

"ఏదో, మీ దయవల్ల బాగానే ఉన్నామండి."

దోమని ఏనుగు చేసే నోరు నాది. బతుకులో ఒక్కసారి నిజంగా ఏనుగు నిలబడి ఉంటే, దోమ కూడా లేదని చెప్పింది.

మరమ్మతులు అక్కర్లేదని ఆయన రాసుకుపోయాడు. ఆయన్ని అనడానికేం లేదు, చూసింది రాశాడు.

ఆ ఏడు తుపానుకి అప్ప ఇంటి గోడ వీధిలోకి ఒరిగిపోయింది. అప్పుడు ఆవిడ కుళాయి దగ్గర ఉండబట్టి బతికింది. వారం తిరక్కుండా ఇంటికి తాళం పడింది. మిగతా పదకొండు ఇళ్ళూ ఆ తర్వాత ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడక్కడ గునపం దిగని కంకర నేల ఉంది.

అప్ప ట్రంకుపెట్టె జట్కాలో పెట్టించి స్టేషనుదాకా నేనే వెళ్ళాను. రైలు కిటికీలోంచి అప్ప నవ్వింది. "ఒరే తమ్ముడూ, గోడ పడిపోనాది గానీ నీ సున్నం మాత్తరం రాల్లేదురా!" అంది.

ఈ కథ ఎక్కడ చెప్పినా జనం ఇక్కడే నవ్వుతారు. చేపలూ, మేకూ, కూత వేయని రైళ్ళూ మీరెలాగూ తరుగు తీసుకునే ఉంటారు, వాటి సంగతి వదిలేయండి. అసలు కల్పించింది ఈ మాటే. అప్ప నవ్వలేదు, ఏమీ అనలేదు. రైలు కదిలేదాకా ఒళ్ళో మూట ముడి సరిచేసుకుంటూనే ఉంది. నా వైపు చూడలేదు.