బావగారి ముప్పై ఏళ్ల సగటు

మా అక్క భర్తకి ఒకే ఒక్క జబ్బు. ముప్పై ఏళ్ల లెక్కలు చేతిలో లేనిదే దేని మీదా అభిప్రాయం చెప్పరు. వాతావరణ కార్యాలయంలో మేఘాల శాఖ ఆయనది. మబ్బు ఎంత మందాన, ఎంత ఎత్తున పడుతోంది, దశాబ్దాల తరబడి అది ఎటు మారుతోంది, దాంతో ఈ చుట్టుపక్కల వానలూ ఎండలూ ఏమవుతున్నాయి అన్నది ఆయన వృత్తి. దాన్ని ఆఫీసులో వదిలి ఇంటికి రావాలని ఆయనకెవరూ చెప్పలేదు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటుంది అక్క.

"ఒక్క పూట చూసి తేల్చడం బాధ్యత లేని పని," అంటారు, మూడోసారి వడ్డించుకుంటూ.

"పోనీ, నేనంటే ఇష్టమో కాదో అదైనా చెప్పండి."

"సూచనలు ఆశాజనకంగానే ఉన్నాయి."

బయల్దేరేముందు గొడుగు కావాలా అని అడిగితే, "ఇవాళ్టి వాన సంగతి పక్కగది వాళ్లది. నన్నడిగితే వచ్చే దశాబ్దం గురించి అడుగు," అంటారు. ఆ దశాబ్దం సంగతేమో గానీ, ఆయన పక్కన నడిచి నేను తడవని రోజు తక్కువ. నా ఉద్యోగం కూడా ఆయన ఎదుటి బల్ల దగ్గరే. తప్పించుకునే దారి లేదు.

మా ఆఫీసు డాబా మీద మబ్బుల మాస్టారని ఒక పెద్దాయన ఉండేవారు. ఆకాశాన్ని మనసులో ఎనిమిది పాళ్లు చేసి, అందులో ఎన్ని పాళ్లు మబ్బు కమ్మిందో కంటితో చూసి రాయడం ఆయన పని. ఉపగ్రహాలు రాకముందు నుంచీ రాస్తున్నారు. పాతకాలపు ఆకాశానికి మాకున్న సాక్షి ఆయనొక్కరే.

అలాంటి సాక్షి మీద అనుమానం వచ్చింది. కొన్నేళ్లుగా మాస్టారి లెక్కలో మబ్బు పెరుగుతోంది, ఉపగ్రహం లెక్కలో పెరగడం లేదు. డైరెక్టరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఆయన డాబా ఎక్కకుండా కుర్చీలో కూర్చుని అంకెలు వేస్తున్నారు! ఇంటికి పంపించేసి, ఆయన రాసినవన్నీ కొట్టిపారేద్దాం. ముందు మీరు విచారించండి. వారంలో రిపోర్టు కావాలి."

"వారమా?" అన్నారు బావగారు, ఎవరో సభలో బూతు మాట్లాడినట్టు.

వారం పోయింది, నెలా పోయింది. డైరెక్టరుగారు ఎప్పుడడిగినా బావగారిది ఒకటే జవాబు: "సమాచారం చాలదండీ." ఆఫీసంతా ఆయనకి నత్త అని పేరు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"బావగారూ, ఆ పెద్దాయన ఉరికంబం ఎక్కుతున్నట్టు డాబా ఎక్కుతున్నారు. ఏదో ఒకటి తేల్చండి!"

"తొందరపడకురా," అన్నారు.

ఒకనాడు మధ్యాహ్నం నేనే డాబా ఎక్కాను. మాస్టారు కుడికన్ను అరచేత్తో మూసుకుని ఆకాశం చూస్తున్నారు, పక్కన బావగారు కాగితం మీద రాసుకుంటున్నారు.

"ఎడమ కంటికి ఐదు పాళ్లు," అన్నారు.

"ఇప్పుడు ఎడమది మూయండి," అన్నారు బావగారు.

"కుడికి రెండు."

"ఇదేం లెక్క?" అన్నాను. బావగారు నన్ను నీళ్లట్యాంకు చాటుకి లాక్కెళ్లి చెప్పారు. మాస్టారి లెక్కలో పెరిగిందంతా పల్చటి మబ్బేనట, నీడా ఇవ్వదు, వానా ఇవ్వదు. అనుమానమొచ్చి చూస్తూ ఉంటే, క్యాంటీన్‌లో ట్యూబులైటు చుట్టూ కూడా పల్చటి మబ్బుందన్నారట మాస్టారు. శుక్లాలు! "కళ్ల డాక్టరంటే నాకు భయం, తోడు రండి," అని మాస్టారిని నమ్మించి ఈయనే ఆసుపత్రికి తీసుకెళ్లి, కుడికంటికి ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత మాస్టారు కొన్నాళ్లు పెట్టుకున్న నల్లద్దాలు ఎండకనుకున్నాం మేమంతా.

"కొత్త ఉపగ్రహం వచ్చాక పాతదాన్ని వెంటనే ఆపెయ్యం కదా? తేడా తెలియాలని రెండూ కొన్నాళ్లు కలిపి నడుపుతాం. ఇదీ అంతే. పాత కన్నూ కొత్త కన్నూ ఒకే ఆకాశాన్ని చూస్తున్నాయి. తేడా తేలితే ఆయన లెక్కలు సరిదిద్దుకోవచ్చు, ఒక్కటీ పారెయ్యక్కర్లేదు. ఆ తర్వాతే రెండో ఆపరేషన్."

"ఇదంతా డైరెక్టరుగారికి మొదట్లోనే చెప్పొచ్చుగా?"

"అప్పుడు చెబితే చూపులేని మనిషని పంపించేసేవారు. చూపున్న మనిషిని ఏమని పంపిస్తారు?"

"మిమ్మల్ని నత్త అంటున్నారు, తెలుసా?"

"మంచిదే. ఇంకొకరినైతే ఇంత ఆలస్యానికి సంజాయిషీ అడిగేవారు. నన్నెవరూ అడగలేదు."

ఎడమకన్ను కూడా బాగయ్యాక రిపోర్టు వెళ్లింది. "ఇంతోటి దానికి ఇంతకాలమా!" అని డైరెక్టరుగారు కేకలేశారు. బావగారు తలొంచుకుని, ఎంతో తృప్తిగా తిట్లు తిన్నారు. మాస్టారి ఉద్యోగం నిలిచింది. సరిదిద్దిన ఆయన లెక్కల్లోంచి ఒక సంగతీ బయటపడింది: మా వైపు వానమబ్బులు తగ్గలేదు, కాస్త ఆలస్యంగా వస్తున్నాయంతే. విత్తనాలు కొన్నాళ్లు ఆగి వేసుకోమని రైతులకి కబురు వెళ్లింది.

మర్నాడు పొద్దున్న ముగ్గురం డాబా మీదున్నాం. మాస్టారు రెండు కళ్లతో ఆకాశమంతా కలయజూసి, "సున్నా!" అన్నారు పసిపిల్లాడిలా. అలా చూస్తూ చూస్తూ చూపు కిందికి దించి, బావగారి నెత్తి దగ్గర ఆగారు.

"అయ్యో బాబూ, ఇక్కడ కూడా ఇంత తేటపడిందని నాకు తెలియనే లేదు! ఎనిమిదింట ఒక్క పాలే మిగిలింది."

బావగారు గబుక్కున అరచేత్తో తల కప్పుకున్నారు.

"మాస్టారూ, అది మాత్రం రాయకండి."