బావ తన మీద వేసుకున్న గోల్

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్‌కి వెళ్తూ ట్రెయిన్‌లో ఉన్నాను. పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే మీరు ఛీ అంటారు: ఇంత సుఖమైన చావు కూడా ఈయనకేనా!

అసూయ నాకు అలవాటైపోయింది. మా అమ్మ ఫోన్ చేస్తే ముందు "అల్లుడేడీ?" అనేది. నలభై దాటాక, అమెరికాలోని ఈ ఫ్రీమాంట్‌లో మంచు మీద హాకీ నేర్చుకోవాలన్న పిచ్చి ఆలోచన నాది. నెల తిరక్కుండా బావ కూడా చేరాడు. నేను రెయిలింగ్ పట్టుకుని వేలాడుతుంటే ఆయన గోల్‌కీపర్ అయిపోయాడు. తన కర్ర అందించి నన్ను రింక్ చుట్టూ లాక్కెళ్ళి, ఆ రెయిలింగ్ వదిలించిందీ ఆయనే. ఆయన ఉండగా ఈ మాట నేను ఒక్కసారీ అనలేదు.

మా టీమ్‌లో అందరూ ఆయన చుట్టూనే చేరేవారు. ఓడిన రోజు లాకర్ రూమ్‌లో ఎవరూ నోరెత్తకముందే "నాదే తప్పు" అనేసి, పులిహోర డబ్బా మూత తీసేవాడు. "ఓడిన రోజు దొంగను వెతికితే వచ్చే వారానికి టీమ్ మిగలదు బామ్మర్దీ" అనేవాడు.

ఆటలో మా అరుపులన్నీ తెలుగులోనే. అవతలివాళ్ళకి అర్థం కాకూడదని ఆ ఏర్పాటు. రెండేళ్ళ కిందటి లీగ్ ఫైనల్లో స్కోరు సమంగా ఉంది, ఆట నిమిషంలో ముగుస్తుంది. పక్, అదే ఆ రబ్బరు బిళ్ళ, మెల్లగా మా గోల్ వైపు జారుతూ వచ్చింది. వెనక నుంచి బావ "వదిలెయ్, నేనాపుతా!" అని అరిచాడు. స్పష్టంగా విన్నాను. విన్నాను కాబట్టే కర్ర అడ్డం పెట్టాను. ఆ ఒక్కటీ నేను ఆపాలని, ఒక్కసారైనా చప్పట్లు నాకు పడాలని. పక్ నా కర్ర అంచుకి తగిలి, దారి మళ్ళి, బావ కాలి పక్కనుంచి గోల్‌లోకి పోయింది.

గోల్ ముందు నలుగురం గుమిగూడి ఉన్నాం కనుక ఎవరికీ కనబడలేదు. లాకర్ రూమ్‌లో మా కెప్టెన్ హెల్మెట్ విసిరికొట్టాడు. "అంత స్లో పక్ ఎలా మిస్ చేశావన్నా? పిల్లలు కూడా ఆపుతారు!"

బావ నాకేసి చూశాడు. నేను తల వంచి స్కేట్ లేసులు విప్పుకుంటున్నాను. 

"నాదే. కళ్ళు మూసుకున్నా" అన్నాడు.

నాకు కృతజ్ఞత కలగాలి కదా? ఒళ్ళు మండింది. నాలుగు రోజులు పోయాక ఓటమి బాధ మరిచి, ఎంత హుందాగా ఒప్పుకున్నాడో అని అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు. తప్పు నాది, మెప్పు ఆయనది. రెండేళ్ళు నోరు విప్పలేదు. ఆ గోల్ మీద ఎవరైనా జోకేస్తే అందరితోపాటు నేనూ నవ్వాను.

సంతాప సభలోనూ కెప్టెన్ ఆ గోల్ సంగతే చెప్పి ఏడ్చాడు. పోయిన మనిషి మీద కూడా మళ్ళీ అసూయ పుట్టింది నాకు, ఏం చెప్పను. మర్నాడు ఉండబట్టలేక అక్క ఇంటికి వెళ్ళాను. గరాజ్‌లో బావ సామాను సర్దుతోంది.

"అక్కా, ఆ గోల్ బావ తప్పు కాదు. ఆయన వదిలెయ్ అన్నాడు. నేనే కావాలని కర్ర పెట్టాను."

"తెలుసురా. ఇంటికి రాగానే చెప్పారు."

"మరి ఎవరితోనూ అనలేదే?"

"నువ్వే చెబుతావన్నారు. 'వాడు ఫోన్ చేస్తాడు చూడు, నాలుగు తిట్టి భోజనానికి పిలుస్తా' అని ఆ ఆదివారమంతా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. స్నానానికి వెళ్తూ కూడా, నువ్వు చేస్తే ఎత్తమని నా చేతికిచ్చారు."

అక్క బావ బ్యాగ్ జిప్పు తీసి, గోల్‌కీపర్ గ్లోవ్స్ రెండూ తెచ్చి డ్రైవ్‌వే మీద ఎండలో పెట్టింది. కిందటి వారం ఆట అయ్యాక బ్యాగ్‌లో పడేసినవి. ఒకదానిలో చెయ్యి పెట్టి చూశాను. వేళ్ళ దగ్గర ఇంకా తడిగానే ఉంది.