నా గాజులు తొడుక్కున్న అవ్వ

చేవెళ్ల ఆసుపత్రిలో నరాల పరీక్ష చేస్తున్నారని నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ సుజాత. అప్పటికే నా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి, దేవుడికి పూలదండ కూడా కట్టలేకపోతున్నాను. పక్షవాతమేమోనని ఒకటే భయం. మొయినాబాద్‌లో బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్లాను.

పరీక్ష గది ముందు నర్సు, "గాజులు తియ్యాలె అక్కా, మణికట్టు మీద వైర్లు పెట్టాలె" అంది. పెళ్లయిన నాటి నుంచి నా చేయి బోసిగా ఉన్నది లేదు. లేచి ఇంటిదారి పట్టబోయాను.

మోకాలి ఎక్స్‌రే కోసం పక్క కుర్చీలో కూర్చున్న అవ్వ నా కొంగు పట్టుకుని ఆపింది.

"యాడికి పోతున్నవ్ బిడ్డా?"

"గాజులు తియ్యమంటున్నరవ్వా. మంచిది కాదు గద."

"గంతేనా? నేను తొడుక్కుంట. నువ్వొచ్చేదాంక ముత్తైదువ చేతికే ఉంటయి."

కుంటుకుంటూనే నన్ను నల్లా దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు రాసి, ఒక్కటీ పగలకుండా తీసి తన చేతికి తొడుక్కుంది. "జల్ది రా. మా ముసలాయన చూస్తే గీ కొత్త గాజులు ఎవరు వెట్టిండ్రని లొల్లి చేస్తడు" అని నవ్వింది.

లోపల కరెంటు చురుక్కుమన్నప్పుడల్లా బయట నా గాజుల గలగల వినిపించింది. పక్షవాతం కాదట! మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని, నయమవుతుందని చెప్పారు. బయటికొచ్చి ఆ మాట చెప్పగానే అవ్వ తన చేత్తోనే నా గాజులు నాకు తొడిగింది.

మందులతో తిమ్మిరి తగ్గి, ఈ ఉదయం నిండుగా దండ కట్టి దేవుడికి వేశాను. నా చేయి నాకు దక్కింది. అవ్వ పేరు అడగడమే మరిచాను. మీరు దీపం పెట్టేటప్పుడు, ఆమె మోకాలు బాగవ్వాలని ఒక్కసారి తలుచుకోండి.