బుల్లోడి పుట్టువెంట్రుకలు

మా ఇంట్లో తెల్లవారేది కోడి కూతతో కాదు, ఒక సన్నని రాగంతో. ఒంటె మెడ, గొర్రె ఉన్ని ఉన్న మా అల్పాకాలు గట్టిగా అరవవు. మూతి మూసుకుని “మ్...” అంటూ కూనిరాగం తీస్తాయి. బర్మాలో లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీలు దాటి పొలాలు మొదలయ్యే చోట మాకో చిన్న తోట ఉంది. చలికాలం మంచులో వాటి మెడలు మాత్రమే పైకి తేలి కనిపించేవి. నేను దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. లేచానో, ఇంకా కలలోనే ఉన్నానో నాకే తెలిసేది కాదు.

జనం అల్పాకాలతో ఫొటోలు దిగడానికని తోట నడిపిన ఒకాయన, అది మూసేసుకుంటూ రెండు ఆడవాటిని నాన్నకు అంటగట్టాడు. “మేకలే అనుకో” అన్నాడట. నాన్న అలాగే అనుకున్నాడు. మేకలు మొహాన ఉమ్మవన్న సంగతి ఆయనకు రెండో రోజు గుర్తొచ్చింది.

వాటిలో ఒకటి చూలుతో వచ్చింది. పిల్ల పుట్టగానే ఊపిరి తీయలేదు. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, దాన్ని తన కొంగులో చుట్టి, ముక్కు తుడిచి, రొమ్ము రుద్దుతూ పజుండౌంగ్ గుడి అమ్మవారికి మొక్కేసింది. బతికితే పుట్టువెంట్రుకలు తెచ్చి ఇస్తానంది. పిల్ల తుమ్మింది. ఆ తుమ్ముతో వాడు మామ్మకు బుల్లోడైపోయాడు.

ఎండలు ముదరకముందే ఉన్ని తీసేయమని అమ్మినాయన పదే పదే చెప్పాడు. పెద్దవాటికి తీశాం. బుల్లోడి జోలికి మాత్రం మామ్మ రానివ్వలేదు.

“పుట్టెంట్రుకలు ముందు మేనమామ ముట్టాల. ఊరికే గొరిగేస్తారేటి?”

“వీడి మేనమామ ఏ కొండ మీదున్నాడో, ఎవరు పిలుస్తారే మామ్మా?”

“నీకున్నోడే ఆడికీని.”

నా మేనమామ అంటే అమ్మ తమ్ముడు. అమ్మ వాళ్ళు బర్మా వాళ్ళు, బౌద్ధులు. మామయ్య తామ్వేలో టాక్సీ నడుపుతాడు. ఈ పుట్టువెంట్రుకల గొడవ ఆయనకేం తెలుసు? అయినా మామ్మ అడిగిందని తలూపాడు. తీరా చూస్తే, తింజాన్ నీళ్ళ పండగ రాగానే తన తలే గొరిగించుకుని, పది రోజుల సన్యాసం పుచ్చుకుని మఠంలో కూర్చున్నాడు. ఇక్కడి మగవాళ్ళు పండగ సెలవుల్లో అలా చేస్తారు. కాషాయం కట్టినవాణ్ణి ఉన్ని కత్తిరించడానికి రమ్మనలేం కదా. ఆ పది రోజులూ ఆగుదామంది మామ్మ.

కరెంటు లేదు, ఫ్యాను లేదు. మధ్యాహ్నాలు కదలకుండా నిలబడిపోయేవి. దూరాన రోడ్డు నీళ్ళలా ఊగేది. బుల్లోడు మామిడి నీడలో నోరు తెరుచుకుని పడుకునేవాడు. రాగం మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నీ మొక్కే వాణ్ణి చంపేస్తుంది చూడు” అనేశాను.

మామ్మ వాడికి విసనకర్ర విసురుతూనే ఉంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మళ్ళీ ఆ రోజు వస్తే అనకుండా ఉంటానా అంటే, ఉండను.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం బుల్లోడు లేవలేదు. నాన్న కంగారుగా వీపు మీద రెండు బకెట్లు కుమ్మరించాడు. ఉన్ని నీళ్ళు తాగి బరువెక్కింది గానీ వేడి దిగలేదు. అమ్మ ఉన్నిలోకి చెయ్యి దూర్చి చూసింది.

“అత్తా, లోపల నిప్పు” అంది తనకొచ్చిన తెలుగులో.

నాన్న అమ్మినాయనకు ఫోన్ చేశాడు. నీళ్ళు పొట్ట కింద పోయాలట, ఉన్ని వెంటనే తీసేయాలట. నేను ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల నాటి గుడ్డలు కోసే కత్తెర తెచ్చాను. తెచ్చి, మామ్మ మొహం చూస్తూ నిలబడిపోయాను.

మామ్మ చెయ్యి చాపింది. “ఇలా తే.”

ఎవరూ అడగకుండానే అమ్మ తెల్లగుడ్డ తెచ్చి వాడి పక్కన పట్టింది. చిన్నప్పుడు తన తమ్ముడికి సన్యాసమిప్పించిన రోజున, జుట్టు నేల రాలకుండా అలాగే పట్టిందట. మామ్మ కత్తెర ఆడించింది.

“దోసముంటే నాకు తగలనీ తల్లీ. పసోడికేటి తెలుసు?”

ఉన్ని కుప్పలుగా గుడ్డలో పడింది. నాన్నా నేనూ పొట్ట కింద నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఎంతసేపో తెలీదు. నీడ మామిడి చెట్టు అవతలికి జరిగాక, ఎక్కడో లోపలి నుంచి “మ్...” అని వినిపించింది. నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మామ్మ ఆ మూట పట్టుకుని ఒక్కతే బస్సెక్కి పజుండౌంగ్ వెళ్ళింది. సాయంత్రం దిగేసరికి తల నున్నగా ఉంది.

“మేనమామ ముట్టలేదు గదా. ఆ లోటు నా తలతో తీర్సీసినాను” అంది.

బస్సులో అందరూ ఆవిడను బౌద్ధ సన్యాసిని అనుకుని లేచి చోటిచ్చారట. ఒకావిడ చేతులు జోడించిందట. “ఏటి సేత్తాను? దీవించీసినాను.”

అలాగే తిన్నగా బుల్లోడి దగ్గరికి నడిచింది. వాడు గుర్తుపట్టక రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత మెడ చాపి, ఆ బోడితలను వాసన చూసి, దాని మీదే మూతి ఆనించి రాగం తీశాడు. మామ్మ కళ్ళు మూసుకుంది.

“ఏటలా సూస్తన్నావు? ఇద్దరికీ ఒక్కసారే మొలుస్తాదిలే.”

క్షమించమని అడగాలనుకున్నాను. చల్లదనానికి థనాకా చెక్క రాతి మీద అరగదీసి, ఆ గంధం గిన్నెలోకెత్తి, ఆవిడ తలకు రాయబోయాను. మామ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తిప్పింది.

“ముందు ఆడికి.”